బొడ్డుసీసా మీద పేరు

జూన్ 3, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం ఎనభై ఆరు. సీసాలు పద్నాలుగు వందల పన్నెండు. తలుపు తీసింది నేనొక్కడినే.

ఈ పుస్తకంలో ఇంతకుమించి రాయకూడదు. చలిగది చూసేవాడు మట్టం రాయాలి, సీసాల లెక్క రాయాలి, తలుపు ఎవరు తీశారో రాసి పుస్తకం మూసేయాలి. ఇరవై నాలుగేళ్ళుగా నేను అదే చేశాను. ఇవాళ నావల్ల కాదు. ఎవరికైనా అభ్యంతరముంటే వచ్చి పేజీ చింపుకోవచ్చు.

ఇవాళ నా పుట్టినరోజు, నా చెల్లెలు సరోజనది కూడా. మేం కవలలం. యాభై ఒకటి నిండాయి. ఏడో బాయిలో, అంటే పాత బొగ్గుగనిలో కట్టుకున్న మా ఊళ్ళో, పుట్టినరోజంటే రక్తం చదివించుకునే రోజు. పొద్దున్నే రక్తం ఇస్తాం, మధ్యాహ్నానికి అంకె వస్తుంది, అంకె వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించరు. అంకె బాగుంటే పాయసం, బాగోలేకపోతే ఉత్త అన్నం. పిల్లలకు ఇదంతా సరదా. నా ఈడువాళ్ళకు ఆ రోజు ఆకలే చచ్చిపోతుంది.

పైన ఎండ నలభై తొమ్మిది దాటిందని, ఊరికి కరెంటిచ్చే అద్దాలు తుడిచేవాళ్ళను కేజ్‌లో పదకొండింటికే కిందికి దించేశారు. సరోజన నెత్తికి చుట్టిన గుడ్డ విప్పకుండానే నేరుగా దవాఖానకొచ్చింది. కనుబొమల మీద దుమ్ము అలాగే ఉంది.

"ఏమన్నా, అంకెలొచ్చినయా? నాకు ఆకలైతాంది. మర్యాదకు అన్నా అంటున్న గాని ముందు పుట్టింది నేను, ముందు నాదే సూడమను."

ఈ మాట ఏడాదికోసారి అనకపోతే దానికి తోచదు. డాక్టర్ నస్రీన్ చీటీలు తెచ్చింది. నాది ఇరవై ఒకటి. పోయినేడు పద్నాలుగు. సరోజనది ఐదు. పోయినేడు రెండు.

ఈ అంకెను మా ఊళ్ళో గుంపు అంటాం. ఒంట్లో కణాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటూ పోతాయి. ఎంత జాగ్రత్తగా రాసినా ఏడాదికి పదిహేనో ఇరవయ్యో అక్షరాలు తప్పు పడతాయి. వాటిలో నూటికి తొంభై తొమ్మిది దేనికీ అడ్డు రావు. ఎప్పుడో ఒక తప్పు మాత్రం ఆ కణానికి పొగరు తెచ్చిపెడుతుంది. అది పక్కవాటిని తోసేసి, ఎముకల్లోని మూలుగంతా తన పిల్లలతో నింపుకుంటుంది. నూరు కణాల్లో అలా ఒకే తల్లికి పుట్టినవి ఎన్నో, అదే గుంపు. పది దాటితే పైకి పంపరు. ఇరవై దాటితే కడగాలి. కడగకపోతే రక్తం గడ్డకట్టి గుండెకో మెదడుకో పోతుంది, లేదంటే రక్తమే కుళ్ళుతుంది. మా నాయన అలాగే పోయాడు. ఇరవై ఆరు అంకెతో, తింటూ తింటూ పళ్ళెం మీదికి ఒరిగిపోయాడు.

"ఇరవై ఒకటా! ఇగ నీకు కడుగుడే," అని సరోజన నా వీపు మీద ఒక్కటి చరిచింది. "గంత భయమెందుకే? ఎనిమిదేండ్ల కింద నేను కడిగించుకోలేదా? ఇగో, గుండ్రాయి లెక్క ఉన్న."

డాక్టరమ్మ మాత్రం నా చీటీ పక్కన పెట్టి సరోజన చీటీనే చాలాసేపు చూసింది. "కడిగిన రక్తంలో ఇంత తొందరగా ఐదా?" అని తనలో తానే అనుకుంది. నేను విన్నాను. వినకపోయి ఉంటే బాగుండేది.

ఇంటికెళ్ళేసరికి నా భార్య భూలక్ష్మి గుమ్మంలోనే ఉంది. ఎంతని అడగలేదు. నా మొహం చూసి, కడిగిపెట్టిన పాయసం గిన్నె తీసి అటక మీద పెట్టేసింది.

జూన్ 5, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం ఎనభై ఐదు. సీసాలు పద్నాలుగు వందల పన్నెండు.

జూన్ ఇరవై నాలుగున కడుగుడు. అంటే మందుపెట్టి నా మూలుగంతా చంపేసి, నా బొడ్డుసీసాలోని రక్తాన్ని పెంచి ఎక్కిస్తారు. మా ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ బొడ్డుతాడులోని రక్తం ఒక సీసాలో పట్టి, ఈ చలిగదిలో దాస్తాం. లోకంలోకి వచ్చిన రోజు రక్తం. ఒక్కొక్కరికి ఒక్కటే సీసా, ఒక్కసారికే పనికొస్తుంది. కరిగించాక మళ్ళీ గడ్డకట్టించడం కుదరదు. అందులోని కణాలు పెరగడానికి పద్నాలుగు రోజులు కావాలి కాబట్టి, పదో తేదీకల్లా సీసా బయటికి తీయాలి.

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఇరవై నాలుగేళ్ళుగా నేను రోజూ నా సీసాను చూసుకుంటున్నాను. నాలుగో అర, ఆరో వరస, "ఓదెలు" అని అల్యూమినియం బిళ్ళ మీద మా పాత కీపరు మల్లేశం రాసిన గుండ్రటి అక్షరాలు. మిగతావాళ్ళు దేవుడి పటం చూసినట్టు నేను దాన్ని చూసి పనిలోకి దిగుతాను. నాకేం కాదు, నా సీసా ఉంది అనుకునేవాణ్ణి.

ఈ ఏడాది కొత్త రూలొచ్చింది. సీసా తీసేముందు పోలిక చూడాలి. ప్రతి సీసాకూ సన్నటి తోక గొట్టం ఒకటి విడిగా ఉంటుంది, అందులో నాలుగైదు చుక్కలుంటాయి. ఒక చుక్కనూ, మనిషి దవడ లోపల గీకిన దాన్నీ కొత్త యంత్రంలో పెడితే ఇద్దరూ ఒకరేనా కాదా చెబుతుంది. ఎనిమిదేళ్ళ కింద సరోజనకు కడిగినప్పుడు ఈ యంత్రం లేదు. బిళ్ళ మీది పేరు చూసి ఎక్కించేశారు. అప్పుడు ఆ బిళ్ళ చదివి సీసా అందించింది నేనే.

జూన్ 8, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం చూశాను, రాయడానికి గుర్తులేదు. సరిపోయేంత ఉంది.

పోలలేదు.

మూడుసార్లు చూశాను. నా దవడ గీకి గీకి నెత్తురొచ్చింది. మూడుసార్లూ అదే మాట. పైగా సీసాలోని రక్తంలో మగ గుర్తే లేదు. అది ఆడపిల్ల రక్తం. "తోబుట్టువు" అని కింద సన్నటి అక్షరాల్లో యంత్రమే రాసిచ్చింది.

కుర్చీలో కూలబడ్డాను. పుట్టినరోజు నాడు ఇచ్చిన సరోజన రక్తం ఇంకా అరలోనే ఉంది. దాన్ని తీసి నా దవడ గీకుడుతో పోల్చాను. సరిగ్గా నేనే. మా చెల్లెలి ఒంట్లో పారుతున్నది నా రక్తం.

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు, నేనూ ఆ పని చేసేవాణ్ణే కదా. పుట్టగానే బిడ్డకు పేరు ఉండదు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసేదాకా సీసా మీద తల్లి పేరే ఉంటుంది. కవలలైతే తల్లి పేరు పక్కన పుట్టిన వరసలో ఒకటి, రెండు అని రాస్తారు. తొట్టెల నాడు కీపరు బిళ్ళలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్తాడు. మేనత్త బిడ్డ చెవిలో పేరు పిలుస్తుంది, ఆయన రాసుకుంటాడు. మొదట పిలిచిన పేరు ఒకటో బిళ్ళ మీద, తర్వాతది రెండో బిళ్ళ మీద. మా దగ్గర కవలల్లో మగపిల్లవాడుంటే వాడి పేరే ముందు పిలుస్తారు. మా ఎల్లవ్వ అత్త కూడా నన్నే ముందు పిలిచింది. ముందు పుట్టింది మాత్రం సరోజన. మమ్మల్ని కన్న అవ్వ తెర వెనకాల పురిటి మంచం మీద ఉంది, ఆమెను ఎవరడిగారు?

అందుకే ఎనిమిదేళ్ళ కింద కడిగాక సరోజనకు ఏడాది పొడవునా ఒళ్ళంతా దద్దుర్లు. ఎండ పడలేదన్నారు. ఎండా లేదు, నా బొంద లేదు. పరాయి రక్తం.

జూన్ 9, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం ఎనభై నాలుగు.

నిన్న సాయంత్రం భూలక్ష్మితో చెప్పాను. ఎవరితోనైనా చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట ముందు నుంచి లేవకుండానే అంతా వింది.

"గింతేనా?" అంది. "నీది ఆమెకు పోయింది, ఆమెది నీకొస్తది. సరికి సరి. ఇందుల తప్పేమున్నది?"

"రూలుంది గదనే. ఎవరి ఒంటి రక్తం వాళ్ళదే. చెప్తే సీసా సరోజనదైతది."

"సెప్పకు మరి. కీపరువు నువ్వే, యంత్రం కాడ కూసునేది నువ్వే. ఆమె దవడది గీకి పెట్టు, పోలిందని చీటీ వస్తది." అప్పుడు తల ఎత్తింది. కళ్ళనిండా నీళ్ళు. "నాకు నువ్వు గావాలె. గంతకు మించి నాకేం తెల్వది."

రాత్రంతా అదే లెక్క వేసుకున్నాను. నాది ఆమె వాడుకుంది, ఆమెది నేను వాడుకుంటాను. న్యాయమే. పొద్దున లేచేసరికి సగం ధైర్యం వచ్చింది. ఒక్కటే ముల్లు గుచ్చుతోంది. సరోజన అంకె ఐదు.

జూన్ 10, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం ఎనభై నాలుగు. సీసా తీయాల్సిన రోజు. తీయలేదు. యంత్రం పాడైందని డాక్టరమ్మకు అబద్ధం చెప్పాను.

సరోజన గుంపులో తప్పిన అక్షరం ఏదో చూశాను. తర్వాత నా గుంపులోదీ చూశాను. రెండూ ఒకటే. అదే చోటు, అదే అక్షరం. లక్షల చోట్లున్న పుస్తకంలో ఇద్దరికీ అదే పేజీలో అదే పంక్తిలో తప్పు పడదు. ఖాళీ అయిన సరోజన సీసా, అంటే నిజానికి నా సీసా, దాని తోక గొట్టం ఇంకా ఉంది. ఆ చుక్క చదివాను. పదివేల కణాల్లో ఒకదాంట్లో ఆ తప్పు అప్పటికే ఉంది.

నేను పుట్టిన రోజున! బతుకులో చేసిన పనుల వల్ల, తాగిన బీడీల వల్ల, పీల్చిన బొగ్గుదుమ్ము వల్ల వచ్చిందని ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకున్నాను. నేను అవ్వ కడుపులో ఉండగానే ఆ కణం తప్పు రాసుకుంది. యాభై ఏళ్ళు మెల్లగా పెరిగింది. అదే సీసాలో సరోజన ఒంట్లోకి పోయింది. కొత్త చోటు, ఖాళీ మూలుగ, పైన ఎండ. ఎనిమిదేళ్ళకే ఐదు. పోయినేడు రెండు, ఈ ఏడు ఐదు. ఎలా లెక్కేసినా రెండు మూడేళ్ళలో ఇరవై.

నా పేరున్న సీసా తోకలో ఆ తప్పు లేదు. అంటే మా ఇద్దరికీ కలిపి మచ్చలేనిది ఒకే ఒక్క సీసా. అది దానిది. దాని రక్తంలో రోగం పెట్టింది నేను.

జూన్ 11, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం ఎనభై మూడు.

చూడకూడదనుకుంటూనే చూశాను. నేను కీపరయ్యాక ఆడా మగా కవలలు మూడు జంటలు పుట్టారు. ఆ మూడు తొట్టెలలకూ వెళ్ళి, బూరెలు తిని, పేర్లు పిలిచిన వరసలోనే నేనూ బిళ్ళలు రాశాను. తోకలు చదివాను. రెండు జంటలు సరిగ్గానే ఉన్నాయి, వాళ్ళలో మగపిల్లలే ముందు పుట్టారు. మూడోది తారుమారు. గడిపెల్లి వాళ్ళ పిల్లలు, ఏడేళ్ళవాళ్ళు. పిల్లవాడి సీసా మీద పిల్ల పేరు, పిల్ల సీసా మీద పిల్లవాడి పేరు, రెండూ నా చేతిరాతే. మల్లేశాన్ని మూడు రోజులుగా తిట్టిపోస్తున్నాను. ఆ తిట్లన్నీ ఇప్పుడు నాకే తగిలాయి.

బిళ్ళ మార్చాలంటే ముగ్గురు సాక్షుల ముందు కారణం చెప్పాలి. కారణం చెబితే, మరి మీ ఇద్దరి సంగతేంటని అడగరా? పిల్లల బిళ్ళలు సరిచేస్తే నా సీసా పోతుంది. చేయకపోతే ఒకనాడు ఆ పిల్లల్లో ఒకరికి దద్దుర్లతోనే ఆగకపోవచ్చు.

జూన్ 13, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం ఎనభై మూడు. ఎడమ పిక్క లాగుతోంది. ఒంటి మీద ఎక్కడ వేలు పెట్టినా కమిలిపోతోంది.

చెప్పేద్దామని కేజ్ దగ్గర నిలబడ్డాను. గంట మోగింది, తలుపు తెరుచుకుంది, వేడిగాలితో పాటు అందరూ దిగారు. సరోజన నన్ను చూసి పెద్దగా నవ్వింది.

"అబ్బో, గుంపు పెద్దమనిషి నాకోసమొచ్చిండు! సద్ది తెచ్చినవా, ఉత్తగనే వొచ్చినవా?"

"ఉత్తగనే," అన్నాను.

"మొకమేంది గట్లున్నది? కడుగుడు నొప్పేం గాదే అన్నా. నోట్లె పుండ్లయితయి, నెల దినాలు గంజి తాగాలె, గంతే." నా భుజం మీద చెయ్యేసి నడిచింది. దాని కూతురికి ఎనిమిదో నెల వచ్చిందని, మనవరాలు పుడితే తనే నీళ్ళు పోస్తానని దారి పొడుగునా చెప్పింది. నేను ఊఁ కొట్టాను. మలుపు దగ్గర విడిపోయాం. ఛీ, ఇంత పిరికివాణ్ణని నాకే తెలియదు.

జూన్ 14, రెండో షిఫ్ట్
మట్టం రాయలేదు. దవాఖాన మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున పిక్క వాచి రాయిలా అయింది. రక్తం గడ్డ. డాక్టర్ నస్రీన్ సూది వేసి నా మీద విరుచుకుపడింది.

"ఓదెలన్నా, మీరేం దాస్తున్నారు? యంత్రం బాగానే ఉంది, పొద్దున నేనే చూశాను. సీసా ఎందుకు తీయడం లేదు? ఈ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే నేనేం చేయలేను, తెలుసా?"

"సరోజనను పిలువుండ్రి. ఇద్దరి ముందు ఒక్కసారే చెప్త," అన్నాను. రెండుసార్లు చెప్పే ధైర్యం నాకు లేదు.

అది వచ్చాక అన్నీ చెప్పాను. బిళ్ళలు, తొట్టెల, దద్దుర్లు, పుట్టుకతోనే ఉన్న తప్పు, దాని ఐదు, గడిపెల్లి పిల్లలు. భూలక్ష్మి చెప్పిన ఉపాయం ఒక్కటీ చెప్పలేదు. దొంగతనం చేద్దామని ఒక రాత్రంతా అనుకున్నది నేనే, ఆమె కాదు.

సరోజన మొదట నవ్వింది. "యాభై ఏండ్ల సంది మొత్తుకుంటున్న, నేనే ముందు పుట్టిన అని! ఒక్కరన్న ఇన్నరా?" నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. తన చేతులు తిప్పి చూసుకుంది.

"అయితే నాల ఉన్నది నీ రక్తమా?"

"అవు."

"దాంట్లెనే రోగమున్నదా?"

"అవు."

"మంచి సీసా ఒక్కటే. అది నాది."

"నీదే."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. సరోజన చెయ్యెత్తి ఆపింది. "అన్నా, నాకు గూడ బతకాలనే ఉన్నది," అంది. "బిడ్డ కాన్పు సూడాలె. ఇస్తనని ఇప్పటికిప్పుడు అనలేను. ఇయ్యనని గూడ నోరొస్తలేదు. ఆలోచన జేసుకోవాలె." లేచి వెళ్ళిపోయింది.

జూన్ 15
ఇవాళ సరోజన రాలేదు.

పొద్దున ఊరి కమిటీ నుంచి ముగ్గురొచ్చి నా మంచం పక్కనే కూర్చున్నారు. గడిపెల్లి పిల్లల బిళ్ళలు సాక్షుల ముందు మార్చారు. ఆ పిల్లల తల్లి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, బయటికి వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చి, ఎట్లున్నవన్నా అని అడిగి వెళ్ళింది. అది కొంచెం మేలు.

మధ్యాహ్నం దాకా తలుపు వైపే చూశాను. తర్వాత కోపమొచ్చింది. నేను చెప్పకుండా ఉండగలిగేవాణ్ణి కదా, చెప్పినందుకైనా రావద్దా అనుకున్నాను. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యమేసింది. దాని సీసా సంగతి దానికి చెప్పడం నేను చేసిన మేలా? భూలక్ష్మి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఆమెను ఓదార్చే ఓపిక నాకు లేదు. నాకు చావంటే భయమేస్తోంది. ఇంతకంటే వివరంగా రాయడం నాకు చేతకాదు.

జూన్ 16
పదకొండింటికి కేజ్ గంట మోగింది. కాసేపటికి సరోజన నేరుగా ఇక్కడికొచ్చింది, మొహం కూడా కడుక్కోలేదు. నన్ను పలకరించలేదు. డాక్టరమ్మ ముందు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక్క మాటడుగుత, నవ్వొద్దు. సీసాల రక్తం ఈయన ఒంట్లె పడ్డంక పెరుగుతది గద?"

"పెరుగుతుంది. అది పెరిగితేనే మనిషి బతికేది."

"పెరిగినంక గది ఎవరి రక్తం?"

"మీదే సరోజనక్కా. ఆయన ఒంట్లో ఉంటుంది, కానీ మీదే."

"మరి పెరుగు తోడువెట్టుకున్నట్టే గద! మా ఇంట్ల తోడు లేకుంటే పక్కింట్ల ఒక చెంచ తెచ్చుకుంట. రేపు వాళ్ళకు లేకుంటే మా గిన్నెల నుంచి ఒక చెంచ పోతది. సీసా ఇప్పుడు ఈనకెయ్యి. మంచిగ తోడుకోని. నా అంకె ఇరవైకొచ్చిననాడు ఈన ఎముకలల్లకెల్లి జెరంత తీసి నాకెయ్యి. ఎందుకు రాదు?"

ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళం, రక్తమంటే సీసాలోనే ఉంటుందనుకుంటాం. మొదటి రోజుల్లో మనిషి మూలుగ మనిషికి ఎక్కించి, పోలక, తొమ్మిది మందిని చంపుకున్నారు. అప్పుడు రాసిన రూలు అలాగే ఉండిపోయింది. మనిషి నుంచి మనిషికి వద్దు, సీసాయే ముద్దు. ఇరవై నాలుగేళ్ళు సీసాల మధ్య కూర్చున్న నాకు రాని ఆలోచన, అద్దాలు తుడిచే సరోజనకు పెరుగు గిన్నె దగ్గర వచ్చింది.

"అప్పుడు పోలిక చూసే యంత్రం లేదు," డాక్టరమ్మ మెల్లగా అంది. "ఇప్పుడు ఉంది. ఈయనకు దద్దుర్లు రావచ్చు గానీ, తర్వాత మీది మీకే వస్తుంది కాబట్టి మీకు రావు. కమిటీతో నేను మాట్లాడతాను. కానీ సరోజనక్కా, ఒకటి చెప్పాలి. సీసాలో రక్తానికి వయసు రాదు. మనిషిలో వస్తుంది. ఈయన ఒంట్లో ఏడాదికి పదిహేనో ఇరవయ్యో కొత్త తప్పులు పడుతూనే ఉంటాయి. ఏది ఎప్పుడు చెడ్డది అవుతుందో నేను చెప్పలేను. అసలు ఈయనకు పట్టకపోతే మీకు ఏమీ మిగలదు."

"తెల్సు. రాత్రంత గదే ఆలోచించిన." అప్పుడు నా వైపు తిరిగింది. నవ్వలేదు. "సీసా నీకు దానం ఇస్తలేనన్నా. దాసుకుంటున్న. నీల దాసుకుంటున్న. బీడీ బందు. పైకి పోవుడు బందు. జొరమొస్తే, దగ్గొస్తే, ముల్లు గుచ్చుకుంటే, ముందుగాల నాకు చెప్పాలె. మల్ల ఏదన్న దాస్తివా..." కళ్ళు తుడుచుకుంటే దుమ్మంతా మొహాన పులుముకుంది. "నాకు గావలసినదాక నువ్వు సావద్దు. సమజైందా?"

సమజైందన్నాను.

జూన్ 17, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం ఎనభై ఒకటి. తలుపు తీసింది ఓదెలు, డాక్టర్ నస్రీన్, సరోజన. నాలుగో అర, ఆరో వరస సీసా బయటికి తీశాం. రక్తం సరోజనది. ఎక్కించేది ఓదెలుకు. సరోజన సంతకం పెట్టింది. కరిగించాక పదిలో ఎనిమిది కణాలు బతికున్నాయి. ఇక సీసాలు పద్నాలుగు వందల పదకొండు.

నవంబరు 2, మొదటి షిఫ్ట్
ట్యాంకు మట్టం ఎనభై ఏడు. సీసాలు పద్నాలుగు వందల పదిహేను. తలుపు తీసింది నేనే.

నేను లేని నాలుగు నెలలూ ఈ పుస్తకం సరోజన రాసింది. పొద్దున అద్దాలు, మధ్యాహ్నం చలిగది. మట్టం, సీసాలు, తలుపు, అంతే. నాలా సొద పెట్టలేదు. ఒక్క ఆగస్టు తొమ్మిదిన మాత్రం "మనవరాలు పుట్టింది. సీసా నేనే పెట్టిన" అని రాసింది.

నాకు రక్తం పట్టింది. ఇరవై ఒకటో రోజు దాకా తెల్లకణాలు సున్నా. ఆ ఇరవై ఒక్క రోజులూ సరోజన వార్డు అద్దం అవతల నిలబడి, లోపలికి రానివ్వరు కాబట్టి వేళ్ళతో అడిగేది, ఎన్ని అని. నేను గుప్పిట చూపించేవాణ్ణి. ఇరవై రెండో రోజు రెండు వేళ్ళు చూపించాను, రెండు వందలని. అక్కడే గోడకానుకుని కింద కూర్చుండిపోయింది.

ఇప్పుడు నా గుంపు సున్నా. సరోజనది ఏడు. పది దాటితే దాన్నీ పైకి పంపరు, అప్పటిదాకా వెళ్తానంటుంది. వచ్చే ఏడు ఆఖరుకల్లా నా మూలుగ తీయడానికి పనికొస్తుందని డాక్టరమ్మ అంచనా. కమిటీ ఒప్పుకుని పాత రూలు మీద గీత కొట్టింది.

సరోజన రోజూ కేజ్ దిగగానే ఇటే వస్తుంది. వచ్చి నా కనురెప్పలు కిందికి లాగి చూస్తుంది, నాలుక చాపమంటుంది, గోళ్ళు చూస్తుంది. ఏం తిన్నావు, ఎన్నింటికి పడుకున్నావు, ఎవరైనా నీ మొహమ్మీద దగ్గారా అని అడుగుతుంది. నన్ను చూడ్డానికి రావడం లేదు, తన సొత్తు చూసుకోవడానికి వస్తోంది. విసుక్కుంటాను గానీ, అది వెళ్ళాక నేనూ అద్దంలో అవే చూసుకుంటాను. పదునుగా ఉన్నదేదీ ముట్టుకోవడం లేదు. బీడీ కంపు వస్తే దారి మార్చి పోతున్నాను. నా ఒంట్లో ఇవాళ ఏ కణం ఏ అక్షరం తప్పు రాసుకుంటోందో అని కూర్చున్న చోటే చెమటలు పడతాయి. నా ప్రాణమొక్కటే అయితే ఇంత భయం ఉండేది కాదు.

పొద్దుటి నుంచి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. చూసుకుంటే నూటొకటి. భూలక్ష్మికి కూడా చెప్పలేదు. ఉత్త జలుబై ఉంటుందిలే, సాయంత్రానికి తగ్గుతుందిలే, దాన్ని ఎందుకు కంగారు పెట్టడం అని పది గంటల నుంచీ నాకు నేనే నచ్చచెప్పుకుంటున్నాను.

కేజ్ గంట మోగింది. మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. అది నా కనురెప్ప ముట్టుకోకముందే చెప్పేస్తాను.